వారాల కావలికాడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే తార్నాకలో మెట్రో దిగి యూనివర్సిటీ వైపు నడుస్తున్నాను. మోకాళ్ళ డాక్టరు రోజూ నడవమన్నాడు గానీ ఎక్కడ నడవాలో చెప్పలేదు. అందుకని మా కాలనీ పార్కును దాని మానాన వదిలేసి, వీలైనప్పుడల్లా నాకు ఇష్టమైన చోటికే వచ్చి నడుస్తుంటాను. క్యాంపస్ గోడ పక్కన సందులో ఒక గుంపు నిలబడి ఉంది. మధ్యలో టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి, మెడలో కార్డు, చేతులు తిప్పుతూ హుషారుగా ఏదో చెబుతోంది. పేరు మౌనిక. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్ళు తలా కొంత వేసుకుని ఆ అమ్మాయిని పెట్టుకున్నారట. ఇంకా మిగిలి ఉన్న బండలనూ చెట్లనూ కనిపెట్టుకుని ఉండడం, ఆదివారాలు వచ్చినవాళ్ళకు ఈ నేల పల్లెగా ఉన్నప్పటి ముచ్చట్లు చెప్పడం ఆమె పని. పక్కన నిలబడ్డ ఒకాయన ఈ సంగతి చెప్పగానే నా గుండె ఒక్క గంతు వేసింది. ఇట్లాంటి కొలువు ఒకటి ఈ వీధుల్లో ఇదివరకే ఉండేదని ఆయనకు తెలియదు పాపం.

మౌనిక సిమెంటు మూత వేసిన గుండ్రటి దిబ్బ ఒకటి చూపించి, "ఇక్కడ మోట బావి ఉండేది. ఎద్దులు బావి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే నీళ్ళు పైకి వచ్చేవి" అంది. గుండ్రంగా తిరిగేది గానుగెద్దు తల్లీ, మోటెద్దు కాదు! నోరు మూసుకుని నా దారిన నేను పోదామనే అనుకున్నాను. కానీ డెబ్భై దాటినా నా నోరు నా మాట వినదు. తెరవబోయి మళ్ళీ ఆ దిబ్బ వంక చూశాను. పక్కనే రోలు గుంట పడ్డ బండ. దాని మీద ఎవరో మోటారుసైకిల్ కవరు ఆరేశారు. ఆ బండను బట్టి గుర్తుపట్టాను. అది మా బావి. మా రాజలింగం బావి. మా అమ్మ బావి అన్నా తప్పులేదు. మౌనికకు నేనేం చెప్పానో తర్వాత చెప్తాను గానీ, ముందు ఆ బావి సంగతీ, ఆ ఇద్దరి సంగతీ చెప్పకుండా నాకు ఊపిరాడదు.

మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అనంతపురం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పుడు తార్నాక అంటే అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు, మధ్యలో ఏనుగులు పడుకున్నట్టు బండలు, బండల సందుల్లో సీతాఫలం పొదలు. పొద్దున నిద్ర లేచేసరికి మెట్టుగూడ వైపు నుంచి రైలు కూత, క్యాంపస్ వైపు నుంచి నెమళ్ళ కూత, మా వంటింట్లోంచి అమ్మ కూత. మూడింటిలో అమ్మదే పెద్దది. నాన్న ఆదివారం సైకిలు మీద నల్లకుంటకు పోయి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చేవాడు. ఆ సంచీ విప్పగానే వచ్చే కొత్తిమీర వాసన, వాన పడ్డాక బండల మీంచి లేచే వెచ్చటి వాసన, సీతాఫలం ఆకు నలిపితే వేళ్ళకు అంటుకునే పచ్చి వాసన, ఈ మూడూ నాకు ఇప్పటికీ ఏ అత్తరు కంటే ఎక్కువ. అమ్మకు మాత్రం ఆ ఊళ్ళో నచ్చింది ఒక్కటే: కొళాయి. తిప్పితే నీళ్ళు వస్తాయి. రోజూ పొద్దున దానికి పసుపు కుంకుమ పెట్టేది. పెట్టడమంటే నిజంగానే పెట్టేది, నేనేమీ వేళాకోళానికి చెప్పడం లేదు.

మా ఇంటి వెనక వెంకట్రెడ్డి సారు స్థలం. సారు క్యాంపస్‌లో లెక్చరరు, నల్గొండ దిక్కు రైతుల బిడ్డ. ఆ స్థలంలోనే పాడుబడ్డ మోట బావి, దాని పక్కన ఇంత జొన్న చెలక ఉండేవి. ఆ చెలకకు కావలికాడు రాజలింగం. తార్నాక అంతా జొన్న చేలుగా ఉన్న కాలం నుంచీ ఆయన ఇక్కడే మంచె మీద కూర్చుని వడిసెల తిప్పుతూ పిట్టలను తోలేవాడు. చేలన్నీ ప్లాట్లయ్యాయి, పిట్టలు పోయాయి. మంచె మాత్రం మిగిలింది, మంచె మీద రాజలింగం మిగిలాడు. పెద్ద మీసం, తలకు ఎర్ర రుమాలు. ఆయన గొంతు విప్పితే హాస్టళ్ళ దాకా వినబడేది. వినయం అనే వస్తువు ఆయన దగ్గర మచ్చుకైనా లేదు. "నేనున్నంక గీ బండల మీద ఒక్కడు సుత్తె పెట్టడు, నిజామే దిగొచ్చినా పెట్టడు" అని మీసం తిప్పేవాడు. నిజాములు పోయి చాలా ఏళ్ళయిందని ఎవరైనా గుర్తు చేస్తే, "గందుకే వస్తలేడు" అనేవాడు.

నిజానికి సుత్తెలు వస్తూనే ఉన్నాయి. ఇళ్ళు కట్టేవాళ్ళకు రాయి కావాలి, రాళ్ళు కొట్టేవాళ్ళకు ఏ బండైనా ఒకటే. వెంకట్రెడ్డి సారు వీధి పెద్దలను కూర్చోబెట్టి, మన బండలు, చెట్లు, బావి కాపాడుకోవాలంటే రాజలింగాన్ని మనమందరం కలిసి పెట్టుకుందాం అన్నాడు. అందరివీ నెల జీతాలే, నెలాఖరుకు ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు. అప్పుడు సారు భార్య సుగుణమ్మ ఒక ఉపాయం చెప్పింది. పాతరోజుల్లో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవాళ్ళు కదా, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం తినేవాళ్ళు కదా, కావలికాడికి కూడా అట్లాగే వారాలు కడదాం అంది. చదువుకునే పిల్లలకు వారాలు పెట్టడం ఎరుగుదుం గానీ, మీసాలున్న కావలికాడికి వారాలు పెట్టిన వీధి లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది.

సోమవారం సుగుణమ్మ ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. బుధవారం పోస్టాఫీసు ఆయన ఇంట్లో సర్వపిండి. గురువారం వాళ్ళు పప్పులో ఉప్పు ఎప్పుడూ మరిచిపోయేవాళ్ళు, అందుకని రాజలింగం ఆ రోజు రుమాలు కొసన ఉప్పు మూటకట్టుకుని పోయేవాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం ఇళ్ళు కూడా కుదిరాయి. మంగళవారం మాత్రం ఎవరికీ కుదరలేదు. కుదరాల్సింది మాకు. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆయప్ప మాటలకు నేను అన్నం పెట్టాల్నా? ఇదేమన్నా సత్రమా?" అంది అమ్మ. "కాపలా అంటే కాపలా. ఈయప్ప కాపలా తక్కువ, కతలెక్కువ."

"కతలు కాదమ్మా, పల్లెటూరి సంగతులు. అవన్నీ పోతున్నాయి. ఎవరో ఒకరు చెప్పాలి కదా" అన్నాను నేను. అప్పుడు పీయూసీ చదువుతున్నాను. లోకంలో నాకు తెలియంది ఏమీ లేదు.

"పోతే పోనీ! పల్లెటూరి సంగతి నాకు చెప్తాండావా నువ్వు? బాయి చూసేదానికి జనాన్ని పిలుస్తారంట. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఊరికొచ్చి బాయి చూడాల్నా ఎవురైనా?"

అమ్మ తన ఊరి గురించి అంతకుమించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఊరి పేరు ఎత్తితే నీళ్ళు లేని ఊరు అనేది, అంతే. దాంతో మంగళవారం ఖాళీగా ఉండిపోయింది. రాజలింగం దానికి కూడా మర్యాద తగ్గకుండా ఒక దారి వెతుక్కున్నాడు. "మంగళారం నాకు అంజన్న ఒక్కపొద్దు. పచ్చి మంచినీళ్ళు గూడ ముట్ట" అని వీధంతా చాటాడు. అందరం నమ్మాం. అంతకుముందు ఆయన మంగళవారాలు శుభ్రంగా తినేవాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున ఆయన దర్బారు. మొదట వీధి పిల్లలు, తర్వాత హాస్టల్ విద్యార్థులు, ఆ తర్వాత సికింద్రాబాదు నుంచి చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. చేతికర్రతో ఒక బండను కొడితే గుడిగంటలా మోగేది. "సూసిన్రా? గిది మోగే బండ. దీన్ని కొడ్తే మా తాత పొలంకెళ్ళి బువ్వకొచ్చెటోడు" అనేవాడు. బండ మీది రోలు గుంటల్లో పూర్వం ఆడవాళ్ళు జొన్నలు దంచుకునేవారని ఒక వారం, పాండవులు దంచుకున్నారని ఇంకో వారం. ఎవరైనా అడిగితే, "పాండవులు ఆడోళ్ళతోని దంచిపిచ్చిన్రు" అనేవాడు. మంచె ఎక్కించి వడిసెల తిప్పడం నేర్పేవాడు. నారతాడు పేనిన వడిసెల మధ్య గూటిలో రాయి పెట్టి, తల మీద గిర్రున తిప్పి ఒక కొస వదిలితే రాయి రివ్వున పోయేది. నేను వదలాల్సిన కొస కాక ఇంకోటి వదిలి మా ఇంటి పెంకు పగలగొట్టాను. ఆ రోజుల్లో నా సంబరం ఎట్లాంటిదంటే, శనివారం సాయంత్రమే హాస్టళ్ళ వైపు పోయి, రేపు రండి, రేపు రండి అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఆడపిల్ల అట్లా తిరగొచ్చా అని వీధిలో ఒకరిద్దరు మూతులు తిప్పారు. తిప్పుకోనీ, వాళ్ళ మూతులు వాళ్ళ ఇష్టం.

వానలు వెనకబట్టాక వీధి పెద్దల్లో సణుగుడు మొదలైంది. ఎన్నాళ్ళు పెడతాం ఈ వారాలు, రాళ్ళు కొట్టేవాళ్ళు ఇప్పుడు రావడం లేదు కదా, ఇక చాలించుదాం అని. రాళ్ళు కొట్టేవాళ్ళు రాకపోవడానికి కారణం రాజలింగమేనని వాళ్ళకు చెప్పి ఒప్పించడం బ్రహ్మ తరం కూడా కాదు. ఆయనకు కొడుకులు లేరు. ఒక్క కూతురు, అల్లుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉంటారు. అల్లుడు మంచివాడే, వచ్చి మాతో ఉండు మామా అని ఎప్పటి నుంచో అంటున్నాడు. రాజలింగానికి ఆ మాట వింటేనే మీసం వాలిపోయేది. "అల్లునింట్ల గడప కాడ కూసోని ఏం కావలి కాయాలె బిడ్డా? చెప్పులకా?" అన్నాడు నాతో ఒకసారి. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చివరికి వెంకట్రెడ్డి సారు ఒక ఒప్పందం చేశాడు. వచ్చే ఆదివారం పెద్దవాళ్ళందరూ వచ్చి చూడాలి. చూశాక కావలి వద్దంటే ఆ రోజుతో వారాలు బంద్.

ఏం చూపించాలి? మోగే బండ అందరూ విన్నదే. రాజలింగం మంచె మీద నిలబడి ప్రకటించాడు: "మోట తోల్త!" ఎన్నో ఏళ్ళుగా పాడుబడ్డ బావిలోంచి, ఎద్దులు కట్టి, అందరి ముందూ నీళ్ళు తోడిస్తానన్నాడు. ఇక ఆ వారమంతా నాకు చదువు లేదు, నిద్ర లేదు. మెట్టుగూడలో చెప్పులు కుట్టే సత్తయ్య మోట బొక్కెనకు కొత్త తోలు తొండం కుట్టిచ్చాడు. పోస్టాఫీసు ఆయన మోకు సంపాదించాడు, చెయ్యి పట్టనంత లావు తాడు. సారు వడ్రంగిని పిలిపించి గిలక బాగు చేయించాడు. హబ్సిగూడలో ఎడ్లబండి తోలే యాదగిరి తన జతను తెస్తానన్నాడు. బావి ముందు ఎద్దులు దిగే ఏటవాలు బాట మీద పెరిగిన తుమ్మకంపంతా నేనూ హాస్టల్ పిల్లలూ కలిసి కొట్టేశాం. బొబ్బలెక్కిన నా అరచేతులు అమ్మ కంట పడ్డాయి. కొబ్బరినూనె గిన్నె ఠక్కున నా ముందు పెట్టి పోయింది.

ఆదివారం రానే వచ్చింది. తిరునాళ్ళకు వచ్చినట్టు జనం. హాస్టల్ పిల్లలు బండల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఆఫ్రికా నుంచి చదువుకోను వచ్చిన ఒకతను కూడా ఉన్నాడు. పెద్దలు కుర్చీలు తెప్పించుకున్నారు. రాజలింగం అల్లుడు సైకిలు వేసుకుని, వెనక క్యారియరుకు తాడు కట్టుకుని వచ్చాడు. మామ సామాను కట్టుకుపోదామని.  అమ్మ రానన్నది, తీరా నాకు అన్నం వేళయిందని పిలవడానికి వచ్చినట్టు వచ్చి, సీతాఫలం చెట్టు కింద మొహం అటు తిప్పుకుని నిలబడింది.

యాదగిరి ఎద్దులను కట్టాడు. రాజలింగం "హై!" అన్నాడు. ఎద్దులు బాట మీద కిందికి దిగాయి, మోకు బిగిసింది, గిలక కిర్రుమంది. బావి లోపల్నుంచి నీళ్ళు చిందుతున్న చప్పుడు పైకి, ఇంకా పైకి వచ్చి, బొక్కెన గట్టు మీదికి లేచి, తోలు తొండంలోంచి నీళ్ళు తొట్టిలోకి దబదబా దూకాయి. అబ్బ, ఆ చప్పుడు! జనమంతా ఒక్కసారిగా అరిచారు. నేను ఎగిరాను, నా పక్కన సుగుణమ్మ ఎగిరింది, కుర్చీల్లో పెద్దలు కూడా లేచి నిలబడ్డారు.

ఇప్పుడు ఎద్దులు వెనక్కి నడవాలి. బాట కింద నిలబడ్డ ఎద్దులు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బావి దగ్గరికి వస్తేనే బొక్కెన మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. అవి నడవలేదు. రాజలింగం అదిలించాడు, యాదగిరి ముకుతాళ్ళు పట్టి లాగాడు, చెవుల్లో బతిమాలాడు. ఒక ఎద్దు తల తిప్పి మమ్మల్నందరినీ ఓసారి చూసి, హాయిగా పడుకుంది. బండల మీంచి ఎవరో "ఇంటర్వెల్లా తాతా?" అన్నారు. నవ్వులు.

"యాదగిరీ, ఎనుకకు తోల్రా!" అన్నాడు రాజలింగం.

"బండికైతే నా ఎడ్లు బంగారమే గని, ఎనుకకు నడిచుడు వాటికి తెల్వది. మీరు గుంజుడని చెప్పిన్రు, గుంజినయి" అన్నాడు యాదగిరి.

వెంకట్రెడ్డి సారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు. "రాజలింగం, నువ్వు ఎన్నడన్న మోట తోలినవా?"

రాజలింగం రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ రుమాలు లేకుండా ఆయన తల చూడడం అదే మొదటిసారి. "లేదు సారు. నేను మంచె మీదోణ్ణి. మంచె మీదికెళ్ళి అందరి మోటలు సూసిన, పాటలు ఇన్న. ఎద్దన్నంక పోవుడు, వచ్చుడు తెల్వదా అనుకున్న" అన్నాడు. గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినబడలేదు. అల్లుడు సైకిలు స్టాండు తీశాడు. కుర్చీల్లోంచి ఒక పెద్దాయన లేచి కండువా దులుపుకున్నాడు. 

"అవి బండెద్దులప్పా!"

అమ్మ గొంతు. సీతాఫలం చెట్టు కింద నుంచి. ఆ తర్వాత అమ్మే వచ్చింది, కొంగు నడుముకు దోపుకుంటూ. "కపిల ఎద్దుల్ని దూడప్పుడే వెనక్కి నడిచేది నేర్పాల. నేర్పకుంటే దేముడు దిగొచ్చినా నడవవు. మా తావ దీన్ని కపిల అంటారు. ఇప్పండి వాటిని."

"ఇప్పి ఏం చెయ్యాలె అమ్మా?" అన్నాడు రాజలింగం.

"ఇంతమంది మనుషులుండారు కదా. ముందుకి, వెనక్కి మనుషులకు ఎవురూ నేర్పబల్లేదు కదా? పట్టండి మోకు!"

 బండ మీంచి ఆ ఆఫ్రికా అతను దూకి మొదట మోకు పట్టుకున్నాడు. అతనికి అమ్మ మాట ఒక్కటీ అర్థం కాలేదు, పని మాత్రం అందరికంటే ముందు అర్థమైంది. అతని వెనక నేను, నా వెనక సుగుణమ్మ, పోస్టాఫీసు ఆయన, హాస్టల్ పిల్లలు. అమ్మ గిలక చూసింది, ముడి చూసింది, తొండానికి కట్టిన సన్న తాడు సారు చేతికిచ్చి, "నేను చెప్పేదాంకా వదలొద్దు సారూ" అంది. కాలేజీలో అందరినీ వణికించే సారు బుద్ధిగా తలూపాడు. మేమంతా వెనక్కి నడిచి బొక్కెన దించి, మళ్ళీ కిందికి లాగడం మొదలుపెట్టగానే అమ్మ చేసిన పని చూసి నేను మోకు వదిలేసినంత పనిచేశాను. మోకు మీదికి ఎగిరి కూర్చుంది! బరువు తోడైతే బొక్కెన తేలికగా లేస్తుందట. చిన్నప్పుడు వాళ్ళ నాయన కపిల తోలుతుంటే రోజంతా అట్లా మోకు మీద ఊగుతూ కిందికి దిగేదట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చీర చెంగు ఎగురుతుంటే, మోకు మీద ఒక పక్కకు ఒరిగి, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్న ఆ మనిషి ఎవరా అని చూస్తూ ఉండిపోయాను. అమ్మకు కూడా చిన్నతనం ఒకటి ఉండేదని నాకు ఆ ఆదివారం దాకా తెలియదు.

నీళ్ళు దూకాయి. మేమంతా వెనక్కి నడిచాం, ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ, నవ్వుతూ, మళ్ళీ కిందికి. అల్లుడు కూడా సైకిలు అట్లాగే పడేసి వచ్చి పట్టాడు. కండువా దులుపుకున్న పెద్దాయన ఆ కండువానే అరచేతులకు చుట్టుకుని వచ్చాడు. రాజలింగం ఊరికే నిలబడి చూస్తున్నాడు. "చూస్తాండావేమప్పా? పాట లేకుండా కపిల యాడన్నా నడుస్తుందా? మంచె మీద కూచోని విన్నానంటివి కదా, పాడు!" అంది అమ్మ.

ఆయన రుమాలు మళ్ళీ చుట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అప్పటికప్పుడు కట్టి పాడాడు: సోమారపోళ్ళు గుంజవట్టిరి, రావె గంగమ్మా! మేమంతా రావె గంగమ్మా అని అందుకున్నాం. బుధారపోళ్ళు గుంజవట్టిరి, రావె గంగమ్మా! గురువారం వాళ్ళు ఉప్పు లేకుండా గుంజుతున్నారని పాడితే వాళ్ళు సిగ్గుపడుతూనే గట్టిగా లాగారు. ఆదివారం దాకా పాడి మళ్ళీ సోమవారం ఎత్తుకున్నాడు. మోకు మీద నుంచి అమ్మ అరిచింది.

"ఏమప్పా, సోమవారం, బుధవారం అంటాండావు. మంగళవారం ఏమాయె?"

"మంగళారం ఒక్కపొద్దు గదమ్మా" అన్నాడు రాజలింగం, నేల వంక చూస్తూ.

అమ్మ నవ్వు ఆగింది. ఆయన వంక చూసింది, నా వంక చూసింది. చెమటతో తడిసిన మొహం కొంగుతో తుడుచుకుంది. "ఎల్లుండి నుంచి ఒక్కపొద్దు లేదు. మంగళవారం మాది. పాడు!" అంది.

మంగళారపోళ్ళు గుంజవట్టిరి అని ఆయన ఎత్తుకున్నాడు. ఆ గొంతు హాస్టళ్ళు దాటి ఎక్కడి దాకా పోయిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే, ఆ విడత అందరికంటే గట్టిగా లాగింది నేను. వారాలు ఉంచాలా మానాలా అన్న మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తనే లేదు. తడిసిన పంచెలతో పెద్దలు వచ్చే ఆదివారం ఏ వేళకు రావాలని అడిగి మరీ పోయారు. అల్లుడు క్యారియరుకు ఒక బుట్టెడు సీతాఫలాలు కట్టుకుని పోయాడు.

ఆ మంగళవారం అమ్మ రాగి సంగటి కెలికింది, చెనిక్కాయల పచ్చడి, అదే ఊరుబిండి, నూరింది. రాజలింగం సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. "నమలగూడదప్పా, మింగాల" అంది అమ్మ. మింగి, కళ్ళు పెద్దవి చేసి, "అమ్మా, గిది మోట బొక్కెన లెక్క దిగవట్టె" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాల దర్బారులో ఇద్దరు వక్తలు. ఆయన మోట అంటే అమ్మ కపిల అనేది, ఆయన పాండవులంటే అమ్మ "నువ్వు చూసినావా?" అనేది. జనం బండల కోసం వచ్చేవారో, వాళ్ళిద్దరి తగువు కోసం వచ్చేవారో చెప్పలేను. కొళాయికి పసుపు కుంకుమ పెట్టడం మాత్రం అమ్మ మానలేదు. నీళ్ళు తోడడం ఎంత సంబరమో ఒక రోజు చూపించొచ్చు గానీ, రోజూ తోడినవాళ్ళకే కొళాయి విలువ తెలుస్తుంది అనేది. అది నిజం. పాతదంతా బంగారమని నేను అనను.

మరుసటి ఏడు క్యాంపస్‌లో గొడవలు వచ్చాయి. కాలేజీలు మూతపడ్డాయి. ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్న మాటలు వీధిలోకి కూడా వచ్చాయి. అనంతపురం నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి నాన్న తలుపులు గడియపెట్టమనేవాడు. మంగళవారం మధ్యాహ్నం ఆ గడియ తీసేవాళ్ళం. రాజలింగం వచ్చి, కర్ర గుమ్మం పక్కన ఆనించి, లోపలికొచ్చి కూర్చుని సంగటి మింగేవాడు. ఒక్క వారం కూడా తప్పలేదు. తిన్నాక పోయేవాడు కాదు, చీకటి పడేదాకా మా అరుగు మీద కూర్చునేవాడు. "ఇయ్యాల కావలి గీడనే" అనేవాడు. మా ఇంటి మీద ఒక్క రాయి పడలేదు. పడ్డ రాయి ఏదన్నా ఉందంటే అది అంతకుముందు నా వడిసెల నుంచి పడ్డదే.

తర్వాత సారు స్థలం ముక్కలైంది. బండలు చాలావరకు ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి. రాజలింగం చివరిదాకా ఆ మంచె దగ్గరే ఉండి అక్కడే కన్నుమూశాడు, అల్లుడి గడప ఎక్కలేదు. అమ్మ కూడా పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు అక్కడ ఎవరింట్లో ఎవరున్నారో పక్క వాటావాళ్ళకు తెలియదంటారు. నేనూ అట్లాగే అనుకునేదాన్ని, మొన్న ఆ సందులో నిలబడేదాకా. అంతమంది అపార్ట్‌మెంట్లవాళ్ళు కలిసి ఒక పిల్లను కావలి పెట్టుకున్నారంటే వీధి ఇంకా చావలేదన్నమాట. ఆ సంతోషం నాకు మోకాళ్ళ దాకా పాకింది.

గుంపులోంచి ముందుకు పోయి, "తల్లీ, చుట్టూ తిరగవు. దిగుతాయి, మళ్ళీ వెనక్కి నడుస్తాయి. ఇట్లా" అని ఆ సందులో వెనక్కి నడిచి చూపించాను. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వెనక ఏముందో చూడకుండా. డాక్టరు చూసి ఉంటే మూర్ఛపోయేవాడు. ఎవరో ఫోనులో తీశారు. పిల్లలు నవ్వారు. వాళ్ళు కూడా నా పక్కన చేరి వెనక్కి నడిచారు.

మౌనిక పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, ఇంత కరెక్టుగా మీకెట్ల తెలుసు? మీరు చూసిన్రా?"

"చూడడమేమిటి, ఈ బావికి కట్టిన ఎద్దుల్లో నేనొకదాన్ని" అన్నాను.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా అని అడిగితే, ఆదివారాలు తినడానికి టైం దొరకదు ఆంటీ, హబ్సిగూడ హాస్టల్‌కి పోయినంక చూడాలె అంది. ఊరు జనగామ దిక్కట. ఆమె పుస్తకంలోంచి ఒక కాయితం చింపి మా ఇంటి గుర్తులు రాసిచ్చాను. సంగటి నమలగూడదు, మింగాలి అని కూడా రాశాను.

"ఎప్పుడు రమ్మంటరు ఆంటీ?" అంది.

"మిగతా రోజులు ఎవరివో నువ్వే చూసుకో" అన్నాను. "మంగళవారం మాది."